ఒంట్లో ఓపిక అయిపోయిన రోజు

ఈసారి నాలుగు ఉత్తరాలకు జవాబు రాస్తున్నాను. మొదటిదానికే సగం చోటు పోయింది. ఆ ఉత్తరం చదివాక రెండు రోజుల పాటు వేరే పని మీద నాకు మనసు నిలవలేదు, అందుకే.

ప్రశ్న: వందనాలు అక్కా. నా వయసు 38. ఏడేళ్లుగా పరిగెడుతున్నాను, మూడు ఫుల్ మారథాన్లు పూర్తి చేశాను. నాలుగు నెలల క్రితం వైరల్ జ్వరం వచ్చింది. తగ్గీ తగ్గకముందే ట్రైనింగ్ మళ్లీ మొదలుపెట్టాను, వారం తిరిగేసరికి ఛాతీలో నొప్పి. గుండె కండరానికి వాపు వచ్చింది, మయోకార్డైటిస్ అన్నారు, ఆరు నెలలు పరుగు మాటే ఎత్తొద్దన్నారు. పుట్టింది క్రైస్తవ కుటుంబంలోనే గానీ పదిహేనేళ్లుగా పేరుకే క్రైస్తవుణ్ని. ఆసుపత్రిలో ఒక రాత్రి నిద్రపట్టక మానిటర్ శబ్దం వింటూ పడుకుంటే చిన్నప్పుడు బట్టీపట్టిన 23వ కీర్తన దానంతటదే నోట్లోకి వచ్చింది. అప్పటినుంచి రోజూ ప్రార్థన చేసుకుంటున్నాను. కానీ రెండు సంగతులు తొలిచేస్తున్నాయి. కాళ్లు బాగా ఆడినన్నాళ్లు గుర్తురాని దేవుడు గుండె దెబ్బతిన్నాక గుర్తొచ్చాడంటే ఇది భక్తా, భయమా? రెండోది, సంఘంలో ఒక పెద్దాయన "ఈ జబ్బు ఇచ్చినందుకు దేవునికి థాంక్స్ చెప్పు" అన్నారు. ఎంత ప్రయత్నించినా ఆ మాట నోట రావట్లేదు. నాలో కృతజ్ఞత లేదంటారా?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ ఆరు నెలల మాట తేల్చేద్దాం. అందులో బేరాల్లేవు. గుండె కండరం వాచి ఉన్నప్పుడు గట్టిగా పరిగెడితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది, ప్రాణం పోయేంతగా. అందుకే మామూలుగా మూడు నుంచి ఆరు నెలలు ఆపేసి, ఆ తర్వాత ఎకో (గుండె స్కాన్), హోల్టర్ (రోజంతా గుండె లయను నమోదు చేసే పరికరం), ట్రెడ్‌మిల్ టెస్టు, రక్తపరీక్షలు చేసి, అన్నీ బాగున్నాయంటేనే మళ్లీ మెల్లగా మొదలుపెట్టనిస్తారు. "బాగానే ఉంది కదా, ఒక్క ఐదు కిలోమీటర్లు నెమ్మదిగా" అనిపించే పొద్దు ఒకటి తప్పకుండా వస్తుంది. ఆ పొద్దు షూస్ ఇంట్లోవాళ్ల చేతికిచ్చి దాచమనండి. నిజంగానే చెబుతున్నాను.

ఇక భక్తా, భయమా అన్నది. తప్పిపోయిన కుమారుడి కథ మీకు తెలిసిందే. వాడు ఇంటికి ఎందుకు బయల్దేరాడో లూకా దాచకుండా రాశాడు: ఆకలేసింది. నాన్న దగ్గర కూలివాళ్లకు కూడా కడుపునిండా తిండి ఉంది, నేనిక్కడ ఆకలికి చస్తున్నాను అనుకున్నాడు. తండ్రి మీద ప్రేమ పొంగుకొచ్చి లేచినవాడు కాదు. మరి తండ్రి వాణ్ని గుమ్మం దగ్గర నిలబెట్టి, ప్రేమతో వచ్చావా, ఆకలితో వచ్చావా అని అడిగాడా? వాడింకా దూరంగా ఉండగానే చూసి, పరుగెత్తి వెళ్లి మెడమీద పడి ముద్దు పెట్టుకున్నాడు. ఆ కథలో పరుగెత్తింది తండ్రి అని గమనించండి. కొడుకు నడిచే వచ్చాడు. మీరూ అంతే. భయంతోనే వచ్చి ఉండొచ్చు, వచ్చారు కదా. ఏ కారణంతో వచ్చామో తవ్వుకుంటూ గుమ్మం దగ్గరే ఆగిపోతే లోపలికి వెళ్లేదెప్పుడు?

రెండో సంగతికి నా సొంత కథ కొంత చెప్పాలి.

నాకు 41 ఏళ్లప్పుడు, ఒక ఫుల్ మారథాన్‌కి సిద్ధమవుతున్న రోజుల్లో, పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకునేవి కావు. కణుపులు వాచేవి, గంట, గంటన్నర గడిస్తేగానీ పిడికిలి బిగిసేది కాదు. ట్రైనింగ్ ఎక్కువైందనుకుని రెండు వారాలు ఆపాను. తగ్గకపోగా మణికట్లకు, అరికాళ్లకు పాకింది. చివరికి రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేలింది. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే పొరబడి మన కీళ్ల లోపలి పొర మీద దాడి చేసే జబ్బు ఇది. వారానికి ఒక్కసారే వేసుకునే మాత్ర ఇచ్చారు, అది పనిచేయడానికి రెండు మూడు నెలలు పడుతుందన్నారు. ఆ మూడు నెలలు నేను మర్చిపోలేను.

డాక్టర్ కొంచెం నడవమన్నారు. నడవడానికి షూస్ కావాలి, షూస్‌కి లేసులు కట్టాలి. వేల కిలోమీటర్లు పరిగెత్తిన మనిషిని, మంచం అంచున కూర్చుని లేసు ముడి వేయలేకపోయాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తాడు పట్టు దొరకదు. అప్పటికి పదేళ్లున్న మా అమ్మాయి వచ్చి నా ముందు నేలమీద కూర్చుని, నా పాదం తన ఒడిలో పెట్టుకుని లేసులు కట్టింది. రెండు ముళ్లు. దానికి నాలుగేళ్లప్పుడు నేను నేర్పిన ముడే. కట్టాక నేను దాన్ని అడిగినట్టే నన్ను అడిగింది: "గట్టిగా ఉందా, వదులుగా ఉందా?"

నాకు ఏడుపు ఆగలేదు. ముందు సిగ్గుతో ఏడ్చాను, అబద్ధమెందుకు. పాదం వెనక్కి లాక్కోబోయాను కూడా. సరిగ్గా అప్పుడు పేతురు మాట గుర్తొచ్చింది, యేసు తన పాదాలు కడగబోతే "నీవెన్నడును నా పాదములు కడుగరాదు" అన్నది. అంతకుముందు ఆ వాక్యం చదివినప్పుడల్లా పేతురు వినయం కొద్దీ అలా అన్నాడనుకునేదాన్ని. కాదు, చేయించుకోవడం ఎంత కష్టమో ఆయనకు ఆ క్షణంలో తెలిసింది. నా ఒళ్లు, నా కాళ్లు, నా టైమింగ్, నా మెడల్ అనుకుంటూ పదేళ్లు బతికిన నాకు ఇంకొకరి చేతిలోంచి ఒక్క ముడి తీసుకోవడం రాలేదు. నాకు తెలిసి కృతజ్ఞత ఆ పొద్దునే మొదలైంది. జబ్బు కోసం కాదు, ఆ ముడి కోసం.

అందుకే ఆ పెద్దాయన మాట మీద ఇలా అనుకుంటాను. ఆయన మంచి మనసుతోనే అని ఉంటారు. కానీ పౌలు థెస్సలొనీకయులకు రాసింది "ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి" అని. "నందు" అన్న చిన్న మాట చూడండి. వాపులో ఉండి, నొప్పిలో ఉండి, రిపోర్టు కోసం ఎదురుచూసే కుర్చీలో ఉండి కృతజ్ఞత చెప్పమన్నాడు. వాపు గొప్పది అనమనలేదు. ఎఫెసీ పత్రికలో "సమస్తమును గూర్చి" అని కూడా ఉంది కదా అని ఎవరైనా అడగొచ్చు. ఉంది. అంత దూరం నేనింకా వెళ్లలేదు, నేర్చుకుంటున్నాను. మీకు ఇప్పుడే అది రావాలని మిమ్మల్ని ఎవరూ తొందరపెట్టకూడదు. అదే పౌలు తన శరీరంలోని ముల్లు తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది. అడగడం తప్పయితే ఆయన మూడోసారి అడిగేవాడు కాదు. మీరూ అడగండి, గుండె మునుపటిలా కావాలని గట్టిగా అడగండి. అడుగుతూనే ఆ రోజు దొరికినదానికి వందనం చెప్పండి.

నేనేం చేశానో చెబుతాను. నాకో ట్రైనింగ్ నోట్‌బుక్ ఉండేది, రోజూ ఎన్ని కిలోమీటర్లు, ఎంత పేస్ (కిలోమీటరుకి పట్టిన సమయం), నిద్రలేచినప్పటి గుండె వేగం ఎంత అని రాసుకునేదాన్ని. జబ్బు వచ్చాక నెలరోజులు ఖాళీగా వదిలేసి, తర్వాత అదే పుస్తకంలో అదే గళ్లలో రాయడం మొదలుపెట్టాను. "నీళ్ల సీసా మూత తిప్పగలిగాను." "వీధి చివరిదాకా వెళ్లొచ్చాను, 11 నిమిషాలు." "రాత్రి నొప్పికి ఒక్కసారే లేచాను." వాటికి పక్కన ఆమేన్ అని కూడా రాయలేదు, ఊరికే రాశాను. ఆరు వారాల తర్వాత వెనక్కి తిప్పి చదివితే అది ప్రార్థనలానే ఉంది.

ఇంకో మాట, నాకు చాలా ఇష్టమైనది. హెబ్రీ పత్రిక 12వ అధ్యాయం మొదట్లో, మన ముందున్న పందెంలో "ఓపికతో పరుగెత్తుదము" అని ఉంది. మన తెలుగులో ఓపిక అంటే రెండూనూ. ఒంట్లో ఓపిక లేదంటే శక్తి లేదని, కాస్త ఓపిక పట్టు అంటే సహించమని. మంచి రన్నర్‌కి మొదటి ఓపిక బోలెడంత ఉంటుంది, అందుకే రెండోది ఉందో లేదో ఎప్పటికీ తెలియదు. అక్కడ గ్రీకులో ఉన్న మాటకు, బరువు కింద నుంచి తప్పుకోకుండా నిలబడి ఉండటం అని అర్థం. మీ ఒంట్లో ఓపిక అయిపోయింది తమ్ముడూ. మీరు పరిగెత్తాల్సిన పందెం ఇప్పుడు ఆ రెండో ఓపికతో. పొద్దున ఐదింటి అలారం మాత్రం తీసెయ్యకండి. ఆ గంట మీకు అలవాటైన గంట, పరుగుకిచ్చిన ఆ గంటనే దేవునికివ్వండి.

ఈ మధ్యలో దగ్గర్లో ఏదైనా రేసు జరిగితే నీళ్లిచ్చే చోట నిలబడటానికి మీ డాక్టర్‌ని అడిగి వెళ్లండి. గ్లాసు అంచును రెండు వేళ్లతో తేలిగ్గా పట్టుకుని చెయ్యి చాపి ఉంచాలి, గట్టిగా పట్టుకుంటే తీసుకునేవాళ్ల మీద ఒలికిపోతుంది. ముందు వెళ్లేవాళ్లు మీ ముఖం చూడరు, గ్లాసు లాక్కుని పోతారు, మనమూ అంతే చేశాం. చివర్లో నడుచుకుంటూ వచ్చేవాళ్లు మాత్రం ఆగుతారు. వాళ్లలో ఎవరి ఒంట్లో ఏముందో మీకు తెలియదు. అక్కడ రెండు గంటలు నిలబడి రండి.

ప్రశ్న: మారథాన్లన్నీ ఆదివారమే పెడతారు. లాంగ్ రన్ కూడా మా గ్రూపు ఆదివారమే చేస్తుంది. ఆరాధన మానేసి వెళ్లడం నాకు బాధగా ఉంది, వెళ్లకపోతే ట్రైనింగ్ దెబ్బతింటోంది. ఎరిక్ లిడెల్‌ని చూసి నేర్చుకో అంటున్నారు మా పాస్టర్ గారు.

జవాబు: లిడెల్‌ని చూసి నేర్చుకోవాల్సింది నిజమే, కాకపోతే పూర్తిగా చూడాలి. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హీట్స్ (తొలి వడపోత పరుగులు) ఆదివారం పడ్డాయని ఆయన పరిగెత్తనన్నాడు. అది ఆయనకు బాగా వచ్చిన పందెం. షెడ్యూల్ నెలల ముందే తెలిసింది కాబట్టి ఆ నెలలన్నీ 400 మీటర్లకు సాధన చేసి, 47.6 సెకన్లలో బంగారు పతకం గెలిచాడు, 200 మీటర్లలో కంచు కూడా. ఆ మరుసటి ఏడాదే చైనాకు మిషనరీగా వెళ్లిపోయాడు. యుద్ధకాలంలో జపాన్ సైన్యం ఆయన్ని నిర్బంధ శిబిరంలో పెట్టింది, 1945 ఫిబ్రవరిలో మెదడులో కణితితో 43 ఏళ్లకే అక్కడే చనిపోయాడు. ఆ శిబిరంలో పిల్లలకు పాఠాలు చెప్పాడు, ఆటలాడించాడు. ఆదివారం పెద్దవాళ్లెవరూ లేక పిల్లలు ఆటలో కొట్టుకుంటుంటే, ఆ ఆదివారాల్లోనే రిఫరీగా నిలబడటానికి ఒప్పుకున్నాడని ఆయన జీవిత చరిత్రల్లో ఉంది. బంగారు పతకం కోసం వదలని నియమాన్ని పిల్లల కోసం సడలించాడు. నాకు పతకం కన్నా ఇది పెద్దగా కనిపిస్తుంది.

మీ విషయానికి వస్తే, లాంగ్ రన్ శనివారానికి మార్చుకోండి, గ్రూపు లేకపోయినా సరే. ఒక్కరే వెళ్లాల్సి వస్తుంది, అదీ మంచిదే. ఏడాదికి ఒకటో రెండో రేసులు ఆదివారం వస్తే ముందురోజు సాయంత్రమో, ఆ రోజే రెండో ఆరాధనకో వెళ్లడం గురించి మీ పాస్టర్ గారితోనే మాట్లాడండి. దినాలను గురించి ప్రతివాడూ తన మనసులో రూఢిపరచుకోవాలని రోమా పత్రికలో పౌలు రాశాడు కాబట్టి నా నిర్ణయాన్ని మీ మీద రుద్దను. కానీ వారం వారం ఆరాధన మానేస్తున్నామంటే అది పరుగు సమస్య కాదు, అక్కడ కూర్చోవాలని మనకెందుకు అనిపించట్లేదో మనల్ని మనం అడగాలి.

ప్రశ్న: నాకు టైప్ 1 షుగర్, ఇన్సులిన్ మీద ఉన్నాను. 21 కిలోమీటర్ల రేసుకు సిద్ధమవుతున్నాను. మా సంఘంలో ఉపవాస ప్రార్థనలు జరుగుతున్నాయి. ఉపవాసంలోనే లాంగ్ రన్ చేసి దేవుని మీద ఆధారపడి ఉన్నానని చూపించాలనుకుంటున్నాను. విశ్వాసం ఉంటే సరిపోదా?

జవాబు: వద్దమ్మా. దయచేసి వద్దు. పరుగు చక్కెరను దించుతుంది, ఇన్సులిన్ దించుతుంది, ఉపవాసమూ దించుతుంది. మూడూ కలిస్తే 70 కిందికి పోవడానికి ఎంతోసేపు పట్టదు. పైగా చెమటలు, గుండెదడ, కాళ్లలో వణుకు, ఇవే కదా చక్కెర పడిపోయిన గుర్తులు, పరుగులో ఇవి ఎలాగూ ఉంటాయి, తేడా తెలిసేలోపు పడిపోతారు. లాంగ్ రన్ చేసిన రోజు రాత్రి నిద్రలో కూడా చక్కెర పడిపోవచ్చు. టైప్ 1 ఉన్నవాళ్లు ఫుల్ మారథాన్లు కూడా చేస్తున్నారు, మీరూ చేయొచ్చు. డాక్టర్‌తో కూర్చుని ఇన్సులిన్ ఎంత తగ్గించాలో, ఎప్పుడెప్పుడు ఏం తినాలో రాయించుకుని, గ్లూకోజ్ జేబులో పెట్టుకుని, పక్కన విషయం తెలిసిన మనిషితో పరిగెత్తండి. ఉపవాసం సంగతి విడిగా, పరుగు లేని రోజున, అదీ డాక్టర్ సరేనంటేనే. ఫోన్‌కో, ఇంకేదైనా అలవాటుకో ఉపవాసం ఉన్నా దేవుడు తక్కువ చేసి చూడడు.

విశ్వాసం సరిపోదా అంటే, పౌలు స్వస్థతలు చేసినవాడే. అయినా తిమోతి కడుపు జబ్బుకి కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని ఉత్తరం రాశాడు, తన తోటివాడు త్రోఫిము జబ్బుపడితే మిలేతులో వదిలి రావాల్సి వచ్చింది, వెంట ఉన్న లూకా వైద్యుడు. హిజ్కియా రాజుకు దేవుడే పదిహేనేళ్ల ఆయుష్షు పొడిగించి కూడా, పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టించాడు. మీ ఇన్సులిన్ ఆ ముద్దలాంటిది. సూది వేసుకునే ముందు వందనం చెప్పి వేసుకోండి. 1922కి ముందు మీలాంటివాళ్లకు ఆ మందే లేదు.

ప్రశ్న: అక్కా, రెండేళ్ల క్రితం రొమ్ము క్యాన్సర్ చికిత్స అయ్యింది. దేవునికి కృతజ్ఞతగా ఫుల్ మారథాన్ చేయాలని మొక్కుకున్నట్టే అనుకుని మొన్న చేశాను. మొదటి 30 కిలోమీటర్లు పాటలు పాడుకుంటూ వెళ్లాను. 33 దగ్గర అంతా చీకటైపోయింది. ప్రార్థించబోతే మాట రాలేదు, దేవుడు నన్ను వదిలేశాడు అన్న ఆలోచన ఒక్కటే. ఏడుస్తూ నడిచి పూర్తి చేశాను. ఆ ఆలోచన వచ్చినందుకు ఇప్పటికీ తప్పు చేసినట్టుంది.

జవాబు: చెల్లీ, మీరు చికిత్స దాటుకుని వచ్చి 42 కిలోమీటర్లు దాటారు. ముందు ఆ మాట నన్ను ఒకసారి అననివ్వండి.

33వ కిలోమీటరు దగ్గర జరిగినదానికి పేరుంది, రన్నర్లు వాల్ అంటారు, గోడ. కండరాల్లో, కాలేయంలో శరీరం దాచుకునే చక్కెర నిల్వ దాదాపు 2000 కేలరీలు. పరుగులో మధ్యమధ్య సరిపడా తీసుకోకపోతే 30 దాటాక అది ఖాళీ అవుతుంది. మెదడు నడిచేది ముఖ్యంగా ఆ చక్కెర మీదే, కాబట్టి కాళ్లతోపాటు మనసూ కూలుతుంది. అందరికీ చీకటి ఆలోచనలే వస్తాయి. దేవుణ్ని ప్రేమించేవాళ్లకు ఆ చీకటి దేవుని గురించే వస్తుంది, అంతే తేడా.

ఏలీయా ప్రవక్తను చూడండి. కర్మెలు కొండ మీద అంత గెలుపు, ఆ వెంటనే నడుము బిగించుకుని వానలో అహాబు రథం కన్నా ముందు యెజ్రెయేలు దాకా పరుగు. ఆ తర్వాత ప్రాణభయంతో ఇంకా దూరం పోయి, అరణ్యంలో ఒక చెట్టు కింద కూలబడి, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు ఆయన్ని ఒక్క మాట అనలేదు. నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి కాల్చిన అప్పం, నీళ్లబుడ్డి చూపించింది. తిని తాగి మళ్లీ పడుకున్నాడు, పడుకోనిచ్చింది. రెండోసారి లేపి, ఇంకా తిను, ప్రయాణం నీ శక్తికి మించింది అంది. మాటలు ఆ తర్వాత, హోరేబు కొండ దగ్గర, అదీ మెల్లని స్వరంతో. మీ తప్పేమీ లేదు. మీకు ఆ వేళ అప్పం కావాలి, నీళ్లు కావాలి, బహుశా ఒక జెల్ (పరుగులో మింగే చక్కెర ముద్ద) 28 దగ్గరే కావాలి.

ప్రార్థనకు మాట రాకపోవడం నాకూ తెలుసు. మందులు పనిచేశాక ఇప్పుడు నేను హాఫ్ మారథాన్ (21 కిలోమీటర్లు) మాత్రమే చేస్తున్నాను, నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. చివరి కిలోమీటర్లలో సొంత మాటలు రావని తెలిసి ముందురోజు రాత్రే పది పేర్లు ఎడమ ముంజేతి మీద పెన్నుతో రాసుకుంటాను, కిలోమీటరుకి ఒకరు. ఆ కిలోమీటరంతా ఆ పేరు అనుకుంటే చాలు, ఇంకేం అననక్కర్లేదు. పోయినసారి చెమటకు నాలుగు పేర్లు చెరిగిపోయాయి, ఎవరివో గుర్తు తెచ్చుకోవడంతోనే రెండు కిలోమీటర్లు గడిచాయి. మా అమ్మాయి పేరు చివరిది, మోచేతి దగ్గర, అక్కడ చెరగదు.

మీరు మళ్లీ పరిగెడితే ఎప్పుడో రాయండి. వచ్చేసారి నా చేతి మీద మీ పేరు రాసుకుంటాను.